నునుపును పోల్చి చూచుట: పాఠ్యగ్రంథములు, లేతు కొట్లు

ఇంజనీరింగు కొలతలను గూర్చి మన కళాశాలలలో చదువబడు పాఠ్యగ్రంథములను తెరచినచో ఉపరితలపు గరుకుదనమను అధ్యాయ మొకటి కానవచ్చును. అది సామాన్యముగా రెండు భాగములుగా నుండును. మొదటిది పోల్చి చూచు పద్ధతులు; రెండవది పరికరముతో నేరుగా కొలుచు పద్ధతులు. రెండవ భాగమునకు పటములు, సమీకరణములు, లెక్కలు కలవు. మొదటి భాగము ఒకటి రెండు పుటలలో ముగిసిపోవును. వ్రేలితో తాకి చూచుట, కంటితో చూచుట, సీసము వంటి మెత్తని లోహముతో రుద్ది దానిపై బడిన గీతలను చూచుట, సూక్ష్మదర్శినితో చూచుట, ఛాయాచిత్రములు తీయుట, కాంతి తరంగముల వ్యతికరణమును గమనించుట, వాలెస్ పేర నున్న లోలక పరికరమును వాడుట, పరావర్తనమైన కాంతిని కొలుచుట: ఇట్లు ఎనిమిది పేర్లు, ఒక్కొక్క దానికి మూడు నాలుగు వాక్యములు. విద్యార్థి ఆ ఎనిమిదింటిని వరుసగా వ్రాసినచో పూర్తి మార్కులు వచ్చును.

ఈ వ్యాసమున విమర్శింపదలచినది ఆ ఒకటి రెండు పుటలనే. ఏ గ్రంథమును పేరుపెట్టి చెప్పుట లేదు. ఆ పుటలు ఏ ఒక్కరి రచనయు కావు. ఒక గ్రంథమునుండి మరొక గ్రంథమునకు, అచ్చటినుండి ప్రశ్నోత్తరముల పుస్తకములకు, అచ్చటినుండి విద్యార్థుల నోటుపుస్తకములకు దిగివచ్చినవి. అయినను మన ప్రాంతమున ఇనుము కోసి బ్రతుకువారికి ఆ అధ్యాయ మంతటిలోను పనికివచ్చునవి ఆ పుటలే. వానినే అన్నిటికంటె అశ్రద్ధగా వ్రాసినారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలోనివి. నేడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను కలవు. మూడింటిలోను లేతు కొట్లు కలవు. ఊరినిబట్టి అచ్చటికి వచ్చు పని మారును. జగిత్యాలకు వరి, మామిడి, పసుపు పండించు పల్లెలనుండి ట్రాక్టరు షాఫ్టులు, బోరు మోటారుల భాగములు వచ్చును. కోరుట్ల కొట్లకు ట్రాక్టరుల పనితో పాటు వరిమిల్లుల పనియు కలదు. సిరిసిల్లలో అధికభాగము సాంచాల పని; మరమగ్గములను అచ్చటివారు సాంచాలందురు. నేను చూచిన కొట్లలో వెర్నియరు కాలిపరు కలదు, మైక్రోమీటరు కలదు. గరుకుదనమును కొలుచు పరికరము మాత్రము ఒక్కచోటను లేదు. దాని పని చేయుచున్నది పనివాని గోరు. "గోరుకు తగుల్తలేదు సార్, ఇగ సాఫ్ అయినట్టే" అని అతడు షాఫ్టును లేతునుండి దించును. ఆ మాట ఎంతవరకు నమ్మదగినది? పాఠ్యగ్రంథము సమాధానము చెప్పవలసిన ప్రశ్న ఇదియే.

మొదట గరుకుదనమనగా నేమో చూతము. లేతుపై కోసిన కడ్డీ కంటికి నునుపుగా కనిపించినను దానిపై చాళ్లుండును. నాగలి పొలమున చాలు వెంట చాలు తీసినట్లే, కోత పనిముట్టు మొన కడ్డీ చుట్టును సన్నని చాలు తీయుచు పోవును. కడ్డీ ఒక చుట్టు తిరుగు లోపల మొన ఎంత ముందునకు జరుగునో అది చాళ్ల నడుమ ఎడము. కొట్లలో దీనినే ఫీడు అందురు. మొన గుండ్రముగా నుండును గనుక చాలు అడుగు గుండ్రము, రెండు చాళ్ల నడుమ గట్టు వాడి. ఎడమును దానితోనే గుణించి, మొన వ్యాసార్థమునకు ఎనిమిది రెట్లతో భాగించినచో చాలు లోతు తెలియును. ఎడము 0.2 మిల్లీమీటరు, మొన వ్యాసార్థము 0.8 మిల్లీమీటరు అనుకొందము. లోతు 0.00625 మిల్లీమీటరు వచ్చును. మిల్లీమీటరులో వేయవ వంతు మైక్రాను గనుక అది ఆరుంబావు మైక్రానులు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు.

పొలములో గట్లను తెగగొట్టి చాళ్లను పూడ్చినచో ఒక సమతలము ఏర్పడును. ఆ సమతలమునుండి ఎత్తులును లోతులును ఎంతెంత దూరమున నున్నవో కొలిచి తీసిన సగటును ఆర్.ఏ. అందురు. పై ఉదాహరణలో అది సుమారు 1.6 మైక్రానులు. ఎడమును 0.4 మిల్లీమీటరు చేసినచో సగటు 6.4 మైక్రానులగును. అనగా తొందరలో ఫీడును రెట్టింపు చేసిన పనివాడు గరుకుదనమును నాలుగు రెట్లు చేసినవాడగును. ఇది కాగితముపై లెక్క. లేతు అదరుట, కోయుచున్న లోహపు తునకలు మొనకు అతుక్కొనుట మొదలగు కారణములచే అసలు తలము దీనికంటె గరుకుగా నుండుటయే సహజము. అంతర్జాతీయ ప్రమాణములు 0.025 మొదలు 50 మైక్రానుల వరకు ఒకదానికి మరొకటి సుమారు రెట్టింపుగా పండ్రెండు మెట్లను ఏర్పరచినవి. పోల్చి చూచుటకు తయారుచేయు పలకలు కూడ ఈ మెట్ల ప్రకారమే యుండును.

ఇక గ్రంథములలోని స్పర్శ పరీక్షకు వత్తము. వ్రేలికొనను సెకనుకు సుమారు 25 మిల్లీమీటరుల వేగముతో తలముపై కదిలించవలెననియు, మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు పరిమాణముగల ఎగుడుదిగుడులు తెలియుననియు వ్రాయుదురు. దీనికొక సవరణ కూడ కలదు. టెన్నిసు బంతిని తలముపై రుద్ది, బంతిగుండ చేతికి వచ్చు అదురును గమనించవలెనట! ఈ బంతి ఎన్నో యేండ్లుగా మన పరీక్షా పత్రములలో దొర్లుచున్నది. లేతు కొట్టులో దానిని వాడినవానిని నేను చూడలేదు; చూచినవారున్నచో తెలుపగలరు.

బంతిని వదలి అంకెలను చూతము. 25 మిల్లీమీటరులే ఎందుకు? గ్రంథములు కారణము చెప్పవు. కారణము మన చర్మములో నున్నది. వ్రేలిని ఒకచోట ఉంచి కదల్చనిచో సన్నని గరుకుదనము తెలియదు. ఇంటిలో ఎవరైనను చూడవచ్చును. 220, 400 అంకెల ఎమరీ కాగితపు ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, కండ్లు మూసికొని, రెంటిపై వ్రేళ్లను కదల్చక ఆనించి యుంచుడు. ఏది ఏదో చెప్పుట కష్టము. వ్రేళ్లను కొంచెము జరిపినంతనే తెలిసిపోవును. వ్రేలు చాళ్లను అడ్డముగా దాటునప్పుడు చర్మము కంపించును. ఆ కంపనములను పట్టునవి చర్మపు లోతున నుండు పాచీని గ్రాహకములు. పందొమ్మిదవ శతాబ్దమున వానిని వర్ణించిన ఇటలీ శాస్త్రజ్ఞుని పేరే వానికి వచ్చినది. ఇవి సెకనుకు 200 నుండి 300 వరకు గల కంపనములను అన్నిటికంటె చురుకుగా గ్రహించును. సెకనుకు 25 మిల్లీమీటరుల వేగముతో 0.2 మిల్లీమీటరు ఎడము గల చాళ్లను దాటినచో సెకనుకు 125 కంపనములు పుట్టును, ఎడము 0.1 అయినచో 250. లేతుపై కోసిన తలమునకు ఆ వేగము ఎందుకు సరిపోవునో ఇప్పుడు తెలిసినది. గ్రైండింగు చేసిన తలముపై గీతల ఎడము 0.02 మిల్లీమీటరు అనుకొన్నచో అదే వేగమున 1250 కంపనములగును. అంత వేగపు అదురు వ్రేలికి సరిగా అందదు. అచ్చట వ్రేలిని అయిదవ వంతు వేగమున నడిపినచో మరల 250 వద్దకు వచ్చును. మంచి పనివారు గ్రైండింగు చేసిన తలమును తడవునప్పుడు తమకు తెలియకయే చేయి నెమ్మది చేయుదురు. గ్రంథము మాత్రము ఒక్క అంకెను అన్నిటికిని వర్తింపజేసినది.

రెండవ అంకె మరింత అన్యాయమైనది. మిల్లీమీటరులో నూరవ వంతనగా పది మైక్రానులు. గోరు అంతమాత్రమే పట్టగలిగినచో లేతు పనికి అది పూర్తిగా నిరుపయోగము. మన ఉదాహరణలోని చాళ్ల మొత్తము లోతే ఆరుంబావు మైక్రానులు గదా! వాస్తవమున ఏ కొట్టులోనైనను 1.6, 3.2 మైక్రానుల పలకలను చేతికిచ్చినచో అనుభవము గలవాడు ఏది ఏదో చెప్పగలడు. స్టాక్‌హోమ్ నగరములోని శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన ప్రయోగము ఈ విషయమున కండ్లు తెరిపించునది. వారు సన్నని ముడుతలు గల తలములను తయారుచేసి, రెండు రెండుగా మనుష్యులచే తాకించి పోల్పించిరి. ముడుతల ఎత్తు 13 నానోమీటరులే అయినను, ముడుతలు లేని తలమునకును దానికిని భేదమున్నదని వ్రేళ్లు చెప్పగలిగెను. నానోమీటరనగా మైక్రానులో వేయవ వంతు. గ్రంథములోని పది మైక్రానులకును ఈ 13 నానోమీటరులకును నడుమ సుమారు ఏడువందల యేబది రెట్లకు పైగా అంతరము కలదు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఆ ప్రయోగములో తాకినవారిని గరుకుదనము ఎన్ని నానోమీటరులని అడుగలేదు. రెండు తలములు ఎంతవరకు ఒకటిగా నున్నవో చెప్పమని అడిగిరి. వ్రేలు కొలబద్ద కాదు, త్రాసు వంటిది. రెండు తట్టలలో ఏది బరువో త్రాసు సూక్ష్మముగా చెప్పును. ఒక తట్టలో తూనికరాయి లేనిచో దానికి నోరు లేదు. పోల్చి చూచు పద్ధతి యొక్క బలమంతయు రెండవ తట్టలో ఏమి పెట్టితిమన్నదానిపై ఆధారపడియున్నది. గ్రంథములు అధ్యాయపు మొదటి వాక్యములో, తలమును తెలిసిన గరుకుదనము గల మరొక తలముతో పోల్చవలెనని చెప్పిన మాట నిజమే. ఆ తరువాత ఆ రెండవ తలమును పూర్తిగా మరచిపోవుదురు. అది ఎట్లుండవలెను, ఎచ్చట దొరకును, దానిని ఎట్లు భద్రపరచవలెను అను ప్రశ్నలు లేనే లేవు. ఎనిమిది పద్ధతుల జాబితా పూర్తియగుటతో చర్చ ముగియును.

కొట్లలో మాత్రము ఆ రెండవ తట్టలో ఏమున్నది? అచ్చటి పద్ధతియు విమర్శకు అతీతము కాదు. చాలచోట్ల పోలికకు తీసికొనునది బండినుండి ఊడదీసిన పాత భాగము. అది యేండ్ల తరబడి నూనెలో తిరిగి అరిగినది. దాని గట్ల కొనలు మొత్తము కొట్టుకొనిపోయి, లోతులు మాత్రమే మిగిలియుండును. కొత్త షాఫ్టు దానివలె చేతికి తోచువరకు ఎమరీ కాగితముతో రుద్దుట పొరపాటు. పాత భాగము కర్మాగారమునుండి వచ్చిన నాడు ఎట్లున్నదో అది చెప్పలేదు. ఇంక కొందరు దేనితోను పోల్చరు. జ్ఞాపకమే వారికి పలక. రోజు మొదట కోసిన షాఫ్టును చక్కగా నిర్ణయించిన చేయి, సాయంకాలమునకు అలసి, నూనెతో తడిసి, మరొక విధముగా నిర్ణయించును. నూనె పొర గల తలము ఎప్పుడును అసలుకంటె నునుపుగా తోచును.

మరొక చిక్కు భాషలో నున్నది. కొట్లలో "ఫినిషింగు వచ్చింది" అనగా మెరుపు వచ్చినదని అర్థము. మనము తెలుగున వ్రాయునప్పుడు కూడ నునుపు అను మాటను మెరుపునకును, గరుకు లేకపోవుటకును కలిపియే వాడుచున్నాము. ఇవి రెండును వేరు. వాడియైన పనిముట్టుతో కోసిన తలము చాళ్లు పెద్దవైనను తళతళలాడును, ఒక్కొక్క చాలు గోడ చిన్న అద్దము వంటిది గనుక. ల్యాపింగు చేసిన తలము దానికంటె ఎన్నో రెట్లు నునుపైనను బూడిదరంగున వెలవెలబోవుచుండును. అందుచేత కంటిని ఒంటరిగా నమ్మరాదు.

రెండేండ్ల క్రిందట వరికోతల సమయమున నాకు తెలిసిన ఒక రైతు ట్రాక్టరునకు ఇట్టి కష్టమే వచ్చినది. షాఫ్టు అరిగినదని ఒక కొట్టులో దానిపై కొత్త లోహపు తొడుగు వేయించి కోయించినాడు. ఆయిలు సీలు కొత్తది బిగించిరి. నాలుగు దినములకే నూనె కారసాగినది. సీలు మార్చిరి, మరల కారినది. మూడవసారి మార్చినను అదియే. దుకాణదారు లేతు పనివానిని, పనివాడు సీలును నిందించిరి. కోతకు వచ్చిన వరి చేలో నిలిచియున్నది. అద్దె బండికి దినమునకింత అని డబ్బు పోవుచున్నది. షాఫ్టును చూడగా అద్దమువలె మెరయుచున్నది. గోటిని దాని చుట్టును త్రిప్పినచో ఏమియు తగులలేదు. అదే గోటిని షాఫ్టు నిడివివెంట నడిపినప్పుడు సన్నని మరచుట్టు ఒకటి స్పష్టముగా తెలిసినది. కోతలో ఏర్పడిన చాలును ఎమరీ కాగితము పైపైన మెరయించినదే గాని తీసివేయలేదు. షాఫ్టు తిరుగునప్పుడు ఆ చాలు మరవలె పనిచేసి నూనెను సీలు పెదవి క్రిందినుండి బయటికి తోడుచున్నది. గ్రైండింగు చేయించిన పిమ్మట నాలుగవ సీలు నిలిచినది.

ఇందు గమనింపదగినది గోటి దిశ. చాళ్లవెంట నడిపిన గోరు ఏమియు చెప్పదు, చాళ్లను అడ్డముగా దాటవలెను. తిరుగుచున్న షాఫ్టుపై వ్రేలు పెట్టి చూచుట మన కొట్లలో పరిపాటి. అది వ్రేలికి ప్రమాదము. పైగా వ్రేలు చాలువెంటనే సాగును గనుక తెలియునది శూన్యము. మరచుట్టును కనుగొనుటకు దారము పరీక్ష యొకటి కలదు. షాఫ్టునకు పలుచగా నూనె రాచి, దానిపైనుండి ఒక దారమును వ్రేలాడదీసి, క్రిందికొనకు చిన్న బరువు కట్టి, షాఫ్టును నెమ్మదిగా త్రిప్పవలెను. దారము ఉన్నచోటనే నిలిచినచో మేలు. అది మెల్లగా ఒక ప్రక్కకు జరుగుచు, త్రిప్పు దిశ మార్చినప్పుడు రెండవ ప్రక్కకు జరిగినచో మరచుట్టు ఉన్నట్లే. పైసా ఖర్చులేని ఈ పరీక్ష మన గ్రంథముల ఎనిమిది పద్ధతులలో లేదు.

సీళ్లు చేయువారు సామాన్యముగా షాఫ్టు గరుకుదనము 0.2, 0.8 మైక్రానుల మధ్య ఉండవలెనని కోరుదురు. క్రింది హద్దు ఎందుకని అడుగవచ్చును. మరీ నునుపైన తలముపై నూనె పొర నిలువదు. సీలు పెదవి పొడిగా రాచుకొని కాలిపోవును. ఈ హద్దులను మన డ్రాయింగు పుస్తకములలోని త్రికోణపు గుర్తులతో పోల్చి చూడుడు. ఒక త్రికోణము 8 నుండి 25 మైక్రానులు, రెండు త్రికోణములు 1.6 నుండి 8, మూడు త్రికోణములు 0.025 నుండి 1.6, నాలుగు అంతకు తక్కువ. మూడు త్రికోణముల పరిధిలో ఒక కొనకును మరొక కొనకును 64 రెట్లు తేడా కలదు. సీలును కాల్చు షాఫ్టు, సీలు నిలుచు షాఫ్టు, నూనె కారు షాఫ్టు మూడును మూడు త్రికోణములే! ఇట్టి గుర్తును చేతబట్టుకొని పనివాడు ఏమి చేయవలెను? అంతర్జాతీయ సంస్థ గరుకుదనపు ప్రమాణములను 2021లో సమగ్రముగా మార్చి ప్రకటించినది. మన తరగతులలో త్రికోణములు నేటికిని కనిపించుచున్నవి.

పరికరముల పక్షమున మాటలాడువారు ఇచ్చట అడ్డు చెప్పుదురు. చేతి తీర్పు మనిషికొక తీరు. అంకె అందరికిని ఒకటే. కావున స్పర్శను చరిత్రకు వదలి పరికరమును కొనుడందురు. ఈ వాదములో బలము లేకపోలేదు. 1933లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అబ్బట్, ఫైర్‌స్టోన్ అనువారు తలపు రేఖను గీయించి లెక్కించు మార్గమును ప్రకటించిరి. 1941లో ఇంగ్లండులోని లెస్టరునందు టాలీసర్ఫ్ అను పరికరము వెలువడినది. వానివలననే గరుకుదనమునకు అంకె లభించినది. ఆ అంకె లేనిచో పోలిక పలకలపై వేయుటకును గుర్తు లేదు. కర్మాగారములకు వేలకొలది భాగములు సరఫరా చేయువారికి పరికరము తప్పనిసరి. కాని దినమునకు నాలుగు షాఫ్టులు కోయు జగిత్యాల కొట్టునకు దాని వెల భారము. పలకల పెట్టె అందులో చిన్న భాగమునకే వచ్చును.

వెల మాట అట్లుండనిండు. అంకెయే సమస్తమును చెప్పునను నమ్మకము కూడ సరికాదు. ఒక తలపు రేఖను తలక్రిందులు చేసినను ఆర్.ఏ. మారదు, సగటునకు ఎత్తును లోతును ఒకటే గదా. వాడి గట్లు, గుండ్రని లోతులు గల తలమును, గుండ్రని గట్లు, వాడి లోతులు గల తలమును దానికి సమానములే. వ్రేలికి ఈ రెండును సమానములు కావు. సిరిసిల్ల నూలునకు అసలే కావు.

సిరిసిల్లలో నేడు పాలియెస్టరు వస్త్రము అధికముగా నేయుచున్నారు. సాంచా నిమిషమునకు 120 సార్లు పేక వేయుననుకొన్నచో ఎనిమిది గంటలలో 57,600 సార్లు నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోవును. పడుగులోని ప్రతి దారపు భాగమును వస్త్రముగా మారులోపల రీడు వందలసార్లు రాచుకొనును. దారము తగులు ప్రతి లోహపు తలమును ఇచ్చట ముఖ్యమే. దారము తెగినచో సాంచా ఆగును. సాంచా ఆగినచో కార్మికుని కూలి ఆగును. మీటరు లెక్కన కూలి పొందువానికి గరుకుదనము భౌతికశాస్త్ర విషయము కాదు, ఆ వారపు సంపాదన. అయినను దారము తగులుచోట్లనన్నిటిని అద్దమువలె చేసినచో చాలునని తలచుట తప్పు. పాలియెస్టరు పోగు మిక్కిలి నునుపైన గైడుపై జారునప్పుడు దానిని హత్తుకొని, ఎక్కువ వైశాల్యమున తాకును. ఘర్షణ పెరిగి దారము బిగియును. అందుచేతనే పోగులు నడుచు గైడులకు క్రోమియము పూత వేసి మెరుపు లేని, సన్నని గుండ్రని బుడిపెలతో కూడిన తలమును కావలెననియే ఏర్పరచుదురు. పోగు ఆ బుడిపెల కొనలను మాత్రమే తాకి సాగిపోవును. ఆ గైడు అరిగినదని ఒకరు దానిని లేతుపై త్రిప్పి ఎమరీతో మెరయించిరనుకొందము. లేదా అంతే ఆర్.ఏ. వచ్చునట్లు కోయించిరనుకొందము. మొదటి దానిపై దారము బిగిసి తెగును. రెండవ దానిపై చాళ్ల వాడి గట్లు పోగులను చీల్చి నూగు లేపును. అంకె ఒప్పినను గైడు పనికిరాదు. బొటనవ్రేలి గోటిని మంచి గైడుపై ఒకసారి, కోసిన గైడుపై ఒకసారి లాగినవాడు ఈ భేదమును వెంటనే చెప్పును.

ఇక గరుకుదనము దోషము కాక గుణమైన చోటులును కలవు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు చెరకును ఆడిన ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 చివర మూతపడినది. చక్కెర మిల్లు రోలరుల పండ్లపై వెల్డింగుతో కావలెనని బుడిపెలు వేయుదురు. లేనిచో చెరకు రోలరుల నడుమ చిక్కక జారును. అచ్చటి గరుకుదనము కంటికే కనిపించునది, మైక్రానులతో పని లేదు.

పోలిక పలకను ఎట్లు వాడవలెనో గ్రంథములు చెప్పని మాటలు కొన్ని చెప్పవలసియున్నది. పలక ఏ పనిచే తయారైనదో వస్తువును ఆ పనిచేతనే తయారైనదై యుండవలెను. కోసిన షాఫ్టును గ్రైండింగు పలకతో పోల్చరాదు, చాళ్ల ఎడమే వేరు. గుండ్రని వస్తువునకు గుండ్రని పలక కావలెను. మంచి పెట్టెలలో లేతు పలకలు గుండ్రముగనే యుండును. పలకలు సామాన్యముగా నికెలుతో చేయబడును గనుక ఇత్తడి బుష్షును వానితో కంటిచే పోల్చునప్పుడు రంగు మోసగించును. అచ్చట గోటినే నమ్మవలెను. రెంటిని శుభ్రముగా తుడిచి, ఒకే గోటితో, ఒకే వేగమున, చాళ్లకు అడ్డముగా, ఒకదాని వెంట మరొకటి తాకవలెను. దీని గరుకుదనమెంత అని తలచుటకు బదులు, వస్తువుకంటె తప్పక గరుకైన పలకను ఒకదానిని, తప్పక నునుపైన పలకను ఒకదానిని వెదకవలెను. నిజము ఆ రెంటి నడుమ చిక్కును. లేతుపై కోసిన పనికి ఈ విధముగా ఒక మెట్టు తేడా వరకు తేల్చవచ్చును. గ్రైండింగులో 0.4 మైక్రానులకు దిగువన చేతి తీర్పు తడబడును. అట్టి పనిని, సిలిండరు లోపలి తలములవంటి వ్రేలు పోని చోటులను పరికరమునకు విడుచుట మేలు.

ఈ మాటలు గ్రంథములో ఒక పుటకు మించవు. టెన్నిసు బంతిని, వాలెస్ లోలకమును తీసివేసినచో చోటు దొరకును. ప్రయోగశాలలో పరికరముతో అంకె తీసి ముగించుటకు ముందు విద్యార్థిచే గోటితో మెట్టు చెప్పించి, దానిని కాగితముపై వ్రాయించి, తరువాత పరికరమును పెట్టించినచో అతనికి తన చేయి ఎచ్చట సత్యమో, ఎచ్చట కాదో తెలియును. పాలిటెక్నికు చదివి కొట్టునకు వచ్చిన యువకుడు అంకె తెలిసి గోరు తెలియనివాడు. అచ్చటి పెద్ద పనివాడు గోరు తెలిసి అంకె తెలియనివాడు. ఇద్దరి నడుమ ఒక పలకల పెట్టె యున్నచో మాటలాడుకొనుటకు వీలగును.

సిరిసిల్ల గైడులకు మాత్రము సాధారణమైన పెట్టెలలో తగిన పలక ఉండదు. అచ్చటి కొట్లవారు చేసికొనదగిన పని యొకటి కలదు. కొత్త గైడులు తెప్పించినప్పుడు, బాగుగా నడుచునని తెలిసిన రకములోనిది ఒకటి బిగింపక ప్రక్కన పెట్టి, నూనె కాగితములో చుట్టి, ఏ దారమునకు అది సరిపడునో పైన వ్రాసి యుంచుకొనవలెను. అరిగిన గైడు వచ్చినప్పుడెల్ల దానిని తుడిచి దీని ప్రక్కన పెట్టి గోరు లాగినచో చాలును. పాలియెస్టరునకు ఒకటి, నూలునకు ఒకటి వేరువేరుగా ఉంచుకొనవలెను.